ఎముకకూ ఒక జాతి ధ్రువపత్రం

ఎక్స్‌రేకి చర్మం రంగు కనబడదు. ఆ యంత్రానికున్న పెద్ద లోపం అదే. అమెరికాలో ఎక్స్‌రేలతోనే పిల్లల ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో ఈ లోపాన్ని మనుషులు ఓపిగ్గా సరిదిద్దారు. పిల్లాణ్ణి బల్ల మీద పడుకోబెట్టకముందే వయసు, ఎత్తు, బరువుతో పాటు జాతి కూడా కంప్యూటర్ చెవిన వేసేస్తారు. ఇక ఎముక ఏం చెప్పుకున్నా ఫరవాలేదు.

ఎముకలో చదరపు సెంటీమీటరుకి ఎన్ని గ్రాముల ఖనిజం ఉందో యంత్రం చెబుతుంది. ఉత్త గ్రాములు ఎవరిక్కావాలి? శంఖంలో పోస్తేగాని తీర్థం కాదు కదా. ఇక్కడ ఆ శంఖం పేరు జడ్-స్కోరు. అదే వయసు పిల్లల సగటు పక్కన నిలబెడితే వీడు ఎంత దూరంలో ఉన్నాడో చెప్పే అంకె. మైనస్ 2కి దిగితే 'సాంద్రత తక్కువ' అని రాస్తారు.

ఆ సగటు కోసం అమెరికా ప్రభుత్వ ఖర్చుతో ఐదు కేంద్రాల్లో పిల్లల్ని ఏళ్ల తరబడి కొలిచారు. 2011లో అచ్చయిన పట్టికల్లో మానవజాతి రెండే ముక్కలు: నల్లవాళ్లు, నల్లవాళ్లు కానివాళ్లు. రెండో గుంపు విశాల హృదయం చూడండి. నార్వే మూలాలున్నవాడు, జపాన్‌వాడు, మెక్సికోవాడు, ఇండియావాడు, అందరూ ఒకే గాటన. వసుధైక కుటుంబమన్నమాట, ఒక్క వాటాదారుణ్ణి తప్పించి.

కొలిచినవాళ్లు అబద్ధమాడలేదు. నల్లజాతి పిల్లల సగటు నిజంగానే ఎక్కువ తేలింది. కాకపోతే బల్ల మీదికి సగటు ఎప్పుడూ రాదు, ఒక పిల్లాడే వస్తాడు. అదే ఎముకని నల్లవాళ్ల పట్టికలో పెడితే స్కోరు దిగుతుంది, పక్క పట్టికలో పెడితే ఎక్కుతుంది. మైనస్ 2 గీత దగ్గరున్న పిల్లాడైతే ఇటు నుంచి అటు దూకేస్తాడు. ఎండ, కాల్షియం, ఆటలు ఏళ్ల తరబడి కష్టపడి చేసే పని మౌస్‌తో ఒక్క నొక్కులో అయిపోతుంది. దుష్ప్రభావాలు కూడా లేవు.

తల్లి నల్లజాతి, తండ్రి తెల్లజాతి అయితే? పాపం, గోడ మీద పిల్లి. ఎటు దూకాలో పిల్లి చేతిలో లేదు, కౌంటర్లో కూర్చున్నవాళ్ల చేతిలో ఉంది. రెండేళ్ల తర్వాత మళ్లీ స్కాన్‌కి వెళ్లేసరికి అక్కడ ఇంకొకరు కూర్చుని, ఇంకో జాతి గడి నొక్కారనుకోండి. స్కోరు పడిపోయిందని డాక్టరుకి టెన్షన్, తల్లికి నిద్ర ఉండదు. ఎముక బాగానే ఉంది, మారింది కౌంటర్.

ఎత్తుని లెక్కలోకి తీసుకోవడం నాకు అర్థమవుతుంది. స్కాన్ బొమ్మ చదునుగా ఉంటుంది, లోతు తెలీదు, కాబట్టి పొట్టి పిల్లల ఎముక ఉన్నదానికన్నా పల్చగా కనిపిస్తుంది. యవ్వనం ఆలస్యమైనా, స్టెరాయిడ్లు వాడినా సాంద్రత ఎందుకు తగ్గిందో కారణం చెప్పొచ్చు. ఇంత శ్రమ ఎందుకు? జాతి గడి నొక్కితే కారణం అడిగే పనే ఉండదు.

పక్క విభాగాల తొందరపాటు చూస్తే మాత్రం బెంగగా ఉంది. కిడ్నీ పనితీరు లెక్కలోంచి 2021లో జాతిని తీసేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 2006లోనే ఆరు దేశాల పిల్లల్ని కొలిచి, ఐదేళ్లలోపు వాళ్లందరి ఎదుగుదలకీ ఒకే ప్రమాణం పెట్టేసింది. అంత ధైర్యం ఎముకలకి ఎక్కడిది, అవి ఎంతైనా పెళుసు.

లోపల స్కాన్ మొదలైంది. "కదలకు నాన్నా, కదిలితే లెక్క తప్పొస్తుంది" అంటోంది టెక్నీషియన్. పిల్లాడు ఊపిరి బిగబట్టి, కళ్లు కూడా ఆర్పకుండా పడుకున్నాడు. బయట కౌంటర్లో ఎవరో గడి మార్చారు.