పట్టుచీర, లడ్డూగాడి పై గోరు

నిన్న సాయంత్రం జరిగింది, ఇంకా మండుతోంది కాబట్టి రాసేస్తున్నా. మా లడ్డూగాడు నల్ల లాబ్రడార్, కనిపించిన ప్రతి మనిషికీ షేక్‌హ్యాండ్ ఇవ్వకపోతే వాడికి తిన్నది అరగదు. లిఫ్ట్‌లోకి ఆరో ఫ్లోర్ ఆంటీ పెళ్ళికెళ్తూ కంచిపట్టు చీరలో ఎక్కారు. వీడు చెయ్యిచ్చాడు. ఆ చెయ్యి ఇక వెనక్కి రాలేదు.

కుక్కల ముందుకాళ్ళకి లోపలివైపు, కాస్త పైన, ఒక గోరుంటుంది. అది నేలకి ఆనదు, రోడ్డు మీద ఎంత తిప్పినా అరగదు, మూడు నాలుగు వారాలకోసారి కత్తిరించకపోతే కొక్కెం తిరిగిపోతుంది, ఇంకా వదిలేస్తే దాని చర్మంలోకే దిగుతుంది. మావాడిది ఆంటీ జరీలోకి దిగింది.

నేను మోకాళ్ళ మీద కూర్చుని ఒక చేత్తో కుక్క కాలు, ఇంకో చేత్తో పరాయి ఆవిడ కొంగు పట్టుకుని ఎలా ఉన్నానో భారతం తెలిసినవాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు. "లాగకు బాబూ, పోగొస్తోంది" అని ఆవిడ, ఇదేదో కొత్త ఆట అనుకుని వాడు, వాడి తోక పోయి లిఫ్ట్ బటన్లకి టపటపా కొట్టుకోవడం, దాంతో ప్రతి ఫ్లోర్లో తలుపు తెరుచుకోవడం. మూడో ఫ్లోర్లో సెక్రటరీ గారు. నన్ను చూశారు, కొంగు చూశారు, "నేను మెట్లు దిగుతాలెండి" అనేసి వెళ్ళిపోయారు. ఎక్కి బటన్ పట్టుకుంటే ఆయన సొమ్మేం పోయింది?

చివరికి ఆంటీయే గాజులకున్న పిన్నీసు తీసి, ఒక్కో పోగూ ఓపిగ్గా తప్పించారు. వీడు కృతజ్ఞతగా ఆవిడ చెయ్యి నాకాడు.

రఫూ ఖర్చు నాది. అది సరే, మొన్ననేగా వీడికి ఫుల్ స్పా చేయించాను! షాంపూ, సెంటు, మెడకో బో కూడా కట్టి పంపారు. ఫోన్ చేసి గోళ్ళు ఎందుకు తీయలేదని అడిగితే, నల్లగోళ్ళు సార్, లోపల రక్తనాళం ఎక్కడుందో కనపడదు, తెగితే మాకు గొడవ అన్నాడు. అరే, కొంచెం కొంచెంగా కోస్తూ, కోసిన చోట నడిమధ్య నల్ల చుక్క కనపడగానే ఆపేస్తే సరిపోతుంది కదయ్యా, తెగినా రక్తం ఆపే పౌడర్ ఉంటుందిగా అంటే, "అంత తెలిసినప్పుడు మీరే తీసుకోవచ్చు కద్సార్" అని పెట్టేశాడు.

పెట్టేసిన నిమిషానికి వాళ్ళ మెసేజ్. మా సర్వీస్‌కి రేటింగ్ ఇవ్వండి అట.