బొటనవేలే వాల్వు

మా మేడ మీది గదిలో మే నెలలో ఫ్యాను వేస్తే వేడిగాలి, వెయ్యకపోతే ఉక్క. అక్కడ కూర్చుని పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. రెండరింగ్ పెట్టగానే కంప్యూటర్ రైస్ మిల్లులా మోగేది. అందుకని వాటర్ కూలింగ్ పెట్టించుకున్నాను, పెట్టించుకోవడం ఏమిటి, నేనే పెట్టాను. ప్రాసెసర్ మీద రాగి దిమ్మ, అందులోంచి పోయే నీళ్లు, అవి చల్లారడానికి మూడు ఫ్యాన్ల రేడియేటర్, తిప్పడానికి ఒక పంపు. "మనకే రోజు విడిచి రోజు నీళ్లు, దీనికి ఇరవై నాలుగ్గంటలూనా?" అంది అమ్మ.

నీళ్లు పొయ్యడానికి పైన రిజర్వాయర్, అంటే చిన్న నీళ్ల ట్యాంకు, దాని మూత ఉంటుంది. తియ్యడానికే దారి ఉండదు. లూప్‌లో అన్నిటికన్నా కింద ఒక టీ (మూడు దారుల జాయింటు), దానికో వాల్వు పెట్టుకోవాలి, లేకపోతే నీళ్లు మార్చిన ప్రతిసారీ కేసుని పసిపిల్లాడిలా ఎత్తి బాత్రూంలో బోర్లించాలి. కంప్యూటర్ల కోసమని అమ్మే వాల్వు ధర చూసి కళ్లు తిరిగాయి. దానికుండే మర 'జీ వన్ బై ఫోర్'. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పైపుల కొట్టుకి వెళ్లి ఆ పేరు చెబితే కౌంటర్ వెనకాయన నన్ను జాలిగా చూసి, "పావు ఇంచి అనండి సార్, కంప్రెసర్లకి వేసేదే కదా" అని ఇత్తడి బాల్ వాల్వు తీసి చేతిలో పెట్టాడు. నిజమే, గాలి గొట్టాలకి వాడే మరే ఇది. వాల్వుకి రెండు వైపులా ఫిమేలే, అంటే మర లోపలివైపే, కాబట్టి మధ్యకి నిపిల్ (బయట మర ఉన్న చిన్న గొట్టం ముక్క) కూడా కొన్నాను. ఆయన టెఫ్లాన్ టేపు చుట్టబోతే వద్దన్నాను. ఇక్కడ నీళ్లని ఆపేది మర కాదు, రబ్బరు రింగు. టేపు పోగులు ఊడితే పోయి రాగి దిమ్మలోని సన్నటి చాళ్లలో ఇరుక్కుంటాయి. ఇంత తెలిసినవాణ్ణి నేను. గుర్తుపెట్టుకోండి.

టీ యాక్రిలిక్‌ది. పగులుతుందేమోనని నిపిల్‌ని స్పానర్ పెట్టకుండా చేత్తోనే బిగించాను. పవర్ సప్లై పెద్ద ప్లగ్గులో ఆకుపచ్చ తీగకీ నల్ల తీగకీ మధ్య జెమ్ క్లిప్ గుచ్చి, కంప్యూటర్ ఆన్ కాకుండా పంపు ఒక్కటే తిప్పుతూ, కింద టిష్యూ పేపర్లు పరిచి రాత్రీ పగలూ చూశాను. ఒక్క చుక్క లేదు. రంగు కలిపిన డిస్టిల్డ్ వాటర్ పచ్చగా మెరుస్తూ తిరుగుతుంటే ఇంటికొచ్చినవాళ్లందరినీ మేడెక్కించాను.

నాలుగు నెలలకి పైపులు మసకబారాయి. నీళ్లు మార్చాలి. వాల్వు ముహూర్తం వచ్చింది.

రిజర్వాయర్ మీద 250 మిల్లీలీటర్లని రాసి ఉంది. అరలీటరు స్టీలు చెంబు చాలుతుందనుకున్నాను. రేడియేటర్లో, పైపుల్లో, దిమ్మలో కూడా నీళ్లుంటాయన్న సంగతి ఆ క్షణాన బుర్రకి తట్టలేదు. కేసుని స్టూలు మీదికెత్తి, వాల్వుకి మెత్తటి పైపు తొడిగి, కొస చెంబులో పెట్టి, హ్యాండిల్ తిప్పాను. రెండు చుక్కలు పడి ఆగిపోయింది. ఏదో అడ్డుపడిందనుకుని పైపు పట్టుకుని అటూ ఇటూ మెలిపెట్టాను. దాంతోపాటు చేత్తో బిగించిన నిపిల్ కూడా అరచుట్టు తిరిగింది, వాల్వుతో సహా. అప్పుడు వెలిగింది, పైన మూత బిగించి ఉంటే గాలి లోపలికెలా పోతుంది, నీళ్లెలా కిందికి దిగుతాయి! రూపాయి బిళ్లతో మూత తిప్పి తీశాను.

జలపాతం.

చెంబు అరనిమిషంలో నిండింది. హ్యాండిల్ మూద్దామని తిప్పితే అది పోయి రేడియేటర్‌కి కొట్టుకుని ఆగిపోయింది, ఇందాకటి అరచుట్టు పుణ్యమా అని. పచ్చనీళ్లు గచ్చు మీదుగా ఎక్స్‌టెన్షన్ బాక్సు వైపు వెళుతున్నాయి. గాలి రాకపోతే నీళ్లు ఆగాయి కదా అని గుర్తొచ్చి పైకి లేచి, మూత తీసిన చిల్లు మీద కుడిచేతి బొటనవేలు పెట్టి నొక్కాను. ఆగింది! ఎడంకాలు చాపి బాక్సుని గోడవైపు తన్నాను. ఇక కదిలే వీలు లేదు, వాల్వు కొనుక్కొచ్చి చివరికి నేనే వాల్వునయ్యాను.

కింద గేటు దగ్గర గ్యాస్ అబ్బాయి. "ఒరేయ్, ఓటీపీ అడుగుతున్నాడు, నీ ఫోనుకే వచ్చిందట!" అని అమ్మ కేక. ఫోను కుడి జేబులో. ఎడంచెయ్యి వీపు వెనకనుంచి తిప్పి, పక్కటెముకలు కలుక్కుమంటుంటే బయటికి లాగాను. దాన్ని తెరవడానికి వేలిముద్ర కావాలి. ఏ వేలు? అదే! ఎప్పుడో పెట్టిన నంబరేమో ఎంతకీ గుర్తురాదు. సరే, ఒక్క క్షణమే కదా అని బొటనవేలు తీసి ఫోను మీద పెడితే గబగబా ఓ గ్లాసుడు నీళ్లు నేల మీద పడ్డాయి, తడివేలు ఫోను గుర్తుపట్టలేదు. మళ్లీ తీశాను, మళ్లీ గ్లాసుడు. మూడోసారి ఫోనే, కాసేపాగి ప్రయత్నించమంది.

"ఏం చేస్తున్నావురా పైన, వాడికి ఇంకో నాలుగిళ్లున్నాయట!" అంటూ అమ్మ మేడెక్కి వచ్చింది. గుమ్మంలో ఆగి చూసింది: పచ్చటి గచ్చు, నిండిన చెంబు, ఒంటికాలి మీద కంప్యూటర్ నెత్తిన వేలుపెట్టి నిలబడ్డ కొడుకు.

"వెయ్యి తీస్తే కారిపోతుందమ్మా" అన్నాను. కంగారులో వేలు వెయ్యైంది.

అమ్మ ఏమీ అనలేదు. కొంగు దోపుకుని వంగి, చెంబులోంచి పైపు తీసి, మధ్యకి మడిచి, కొంగుకి తగిలించి ఉన్న బట్టల క్లిప్పు ఒకటి దానికి పెట్టింది. నల్లా దగ్గర ఒక బిందె నిండి ఇంకోటి పెట్టేలోపు నీళ్లొచ్చిన ప్రతిసారీ చేసే పనే.

"ఇప్పుడు తియ్యి వేలు. ఓటీపీ ఎంత?"

ఇదంతా అయి మూడు వారాలు. వాల్వుని సరిచెయ్యాలి, చేస్తాను. ప్రస్తుతానికి పైపు మడతా, నీలం రంగు క్లిప్పూ అలాగే ఉన్నాయి, చుక్క కారడం లేదు. దండెం మీద బట్టలారేసేటప్పుడు ఒక క్లిప్పు తగ్గినప్పుడల్లా అమ్మ కింద వెతకడం మానేసి, తలెత్తి మేడ గది కిటికీ వైపు చూస్తోంది.