పిల్లల నిద్రకు కోత, ఆటకు సెలవు

హైస్కూలు టైంటేబుల్లో ఆటల పీరియడ్ ఉంటుంది. పదో తరగతికి వచ్చేసరికి, అందులోనూ దసరా సెలవులు దాటాక, ఆ పీరియడ్‌లో వ్యాయామ ఉపాధ్యాయుడికి బదులు లెక్కల మాస్టారు కనిపిస్తారు. సిలబస్ మిగిలిపోయిందంటారు. తల్లిదండ్రులూ అడ్డు చెప్పరు. చాలామంది సంతోషిస్తారు కూడా.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 11-17 ఏళ్ల వారిలో 81 శాతం మందికి ఆ మాత్రం శ్రమ లేదని 2019లో అదే సంస్థ వెల్లడించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంది. అపార్టుమెంట్లలో నడిచే బడులకు గుర్తింపు ఎలా దక్కుతోందో విద్యాశాఖే చెప్పాలి.

నిద్ర సంగతి మరీ దారుణం. 13-18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి పదిన్నరకు స్టడీ అవర్ ముగిసి, తెల్లవారుజామున ఐదుకే గంట మోగే రెసిడెన్షియల్ కాలేజీలో పక్క ఎక్కగానే కన్నంటుకున్నా దక్కేది ఆరున్నర గంటలే. పైగా యుక్తవయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ ఆలస్యంగా విడుదలవుతుంది. తొందరగా పడుకోమన్నా ఆ వయసువారికి నిద్ర పట్టకపోవడం మొండితనం కాదు. ఎదుగుదలకు కావలసిన హార్మోన్ ఎక్కువగా ఊరేదీ, పగలు చదివింది బుర్రలో స్థిరపడేదీ గాఢనిద్రలోనే. మార్కుల కోసం నిద్ర తగ్గించడమంత తెలివితక్కువ బేరం మరొకటి లేదు. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది, చేయి చిప్స్ పొట్లం మీదికి పోతుంది, బరువు పెరుగుతుంది. సాయంత్రం ఆడి అలిసినవారికి నిద్ర తేలిగ్గా పడుతుంది కాబట్టి ఆట మానిపిస్తే ఆ నష్టమూ నిద్రకే. ఫోనును తిట్టడం సులువే. రాత్రి తొమ్మిదికి ట్యూషన్ నుంచి వచ్చినవారికి ఇంకేం మిగిల్చాం?

కాలిఫోర్నియాలో హైస్కూళ్లు ఉదయం 8.30కు ముందు మొదలుకాకూడదన్న చట్టం 2022లో అమలులోకి వచ్చింది. నాలుగో తరగతి వరకు 9 గంటల తర్వాతే బడి పెట్టాలని 2024లో మహారాష్ట్ర ఆదేశించింది. తెలుగు రాష్ట్రాలు ఇంకా చిన్న పనితోనే మొదలుపెట్టవచ్చు. హాస్టళ్లలో రాత్రి తొమ్మిదిన్నరకు లైట్లు ఆర్పాలి, ఆరుకు ముందు గంట కొట్టకూడదు. ఆటల పీరియడ్‌ను మరో సబ్జెక్టుకు మళ్లిస్తే సంజాయిషీ అడగాలి. తనిఖీకి వచ్చే అధికారి ఫలితాల పట్టికతో సరిపెట్టుకోకుండా, ఆ హాస్టల్లో పొద్దున గంట ఎన్నింటికి మోగుతోందో కూడా రాసుకుని వెళ్లాలి.