స్పీకర్ ఫార్మాట్‌లో లేని త్యాగం

పొద్దున ప్రెస్‌మీట్ పెట్టి రాజీనామా చేశానని ప్రకటించిన నాయకుడు సాయంత్రం గన్‌మెన్‌తో సహా పెళ్లి రిసెప్షన్‌కు వస్తే మన జనం ముక్కున వేలేసుకుంటారు. "ఈయన ఇంకా దిగలేదా?" అని చెవులు కొరుక్కుంటారు. ఇంతకు మించిన అన్యాయం లేదు. రాజీనామా చేయడానికీ పదవి వదలడానికీ సంబంధం ఉందని ఈ జనానికి ఎవరు చెప్పారో తెలియదు. తెలుగు నేల మీద ఎందరో పెద్దలు ఏళ్ల తరబడి చెమటోడ్చి పెంచిన ఒక కళను, ఉద్యోగం మానేసే గుమాస్తా రాసిచ్చే కాగితంతో ఒకే గాటన కట్టేస్తున్నారు. ఆ అపోహ తొలగించడం నా కర్తవ్యమని భావించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా రాజ్యాంగం. 190వ అధికరణం ప్రకారం శాసనసభ్యుడు తన సంతకంతో స్పీకర్‌కు లేఖ ఇవ్వాలి, స్పీకర్ దాన్ని ఆమోదించాలి. అప్పుడే సీటు ఖాళీ అయినట్టు. 1974కు ముందు ఈ రెండో భాగం లేదు. లేఖ చేతికందితే చాలు, సభ్యత్వం పోయేది. ఎంత భయంకరమైన రోజులో ఆలోచించండి! ఒక్క పూట ఆవేశపడితే మర్నాడు క్వార్టర్స్ ఖాళీ చేయాలి. ఆ ఏడాది గుజరాత్‌లో నవనిర్మాణ్ ఉద్యమం నడిచింది. జనం ఎమ్మెల్యేల వెంటపడి బలవంతంగా రాజీనామాలు రాయించుకున్నారు. ఆ గొడవల తర్వాత 33వ సవరణ వచ్చింది. రాజీనామా స్వచ్ఛందంగా చేసిందేనా, నిజమైనదేనా అని స్పీకర్ విచారించుకోవచ్చు, కాదనిపిస్తే ఆమోదించకూడదు. గుజరాత్ ఎమ్మెల్యేల ప్రాణభయం వల్ల వచ్చిన ఈ రక్షణ మన ఎమ్మెల్యేల చేతిలో పడ్డాక ఎక్కడికో వెళ్లిపోయింది.

ఇక ఫార్మాట్. లోక్‌సభ నిబంధనల ప్రకారం రాజీనామా లేఖ ఒక్క వాక్యం. ఫలానా తేదీ నుంచి సభలో నా స్థానానికి రాజీనామా చేస్తున్నాను, అంతే. కారణం రాయకూడదు. రాసినా ఆ ముక్క కొట్టేసే అధికారం స్పీకర్‌కు ఉంది. తెలుగు నాయకుణ్ని కారణం చెప్పకుండా రాజీనామా చేయమనడమంటే చేతికి మైకు ఇచ్చి నోరు మూసుకోమనడమే. అందుకే మన లేఖ మూడు పేజీలు ఉంటుంది. నియోజకవర్గ ప్రజలు దేవుళ్లని మొదటి పేజీలో, పదవులు గడ్డిపోచతో సమానమని రెండో పేజీలో, ఆత్మగౌరవం మూడో పేజీలో వస్తాయి. చిరునామా పార్టీ అధ్యక్షుడిది. ప్రతులు టీవీ ఛానళ్లకు. స్పీకర్ కార్యాలయానికి సంగతి వార్తల్లో తెలుస్తుంది. "స్పీకర్ ఫార్మాట్‌లో ఇవ్వలేదు కదా" అని ఎవరో గిట్టనివాళ్లు అడుగుతారు. గుండె మండి చేసిన త్యాగానికి ఫార్మాట్ అడిగే నీచులు అన్ని కాలాల్లోనూ ఉంటారు.

నిజానికి లేఖ దాకా రావడమే చాలా ముదిరిన దశ. పండితులు దానికి ముందు మెట్ల మీదే జీవితం గడిపేస్తారు. "రాజీనామా నా జేబులోనే ఉంది" అన్నది మొదటి మెట్టు. ఆ చొక్కా ఇస్త్రీకి ఎన్నిసార్లు వెళ్లొచ్చినా జేబులో కాగితం చెక్కు చెదరదు. "నిరూపిస్తే రాజీనామా చేస్తా, లేకపోతే నువ్వు చేస్తావా?" అన్నది తర్వాతి మెట్టు. ఇక్కడ అవతలివాడు కూడా కళాకారుడే కావాలి, లేకపోతే రక్తి కట్టదు. చివరికి అంబేద్కర్ విగ్రహం దగ్గర చర్చకు ఇద్దరూ టైము ఇస్తారు, చెరో టైముకు వస్తారు. రాజకీయ సన్యాసం అన్నది దీనికి పై మెట్టు. దాని గురించి రాసే అర్హత నాకు లేదు.

ఈ కళకు స్వర్ణయుగం ఏదంటే నేను 2009 డిసెంబరు అంటాను. 9వ తేదీ రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించారు. తెల్లారేసరికి సీమాంధ్ర ఎమ్మెల్యేలు రాజీనామాలకు క్యూ కట్టారు. రెండు వారాలకు, 23న, విస్తృత సంప్రదింపులు కావాలని అదే హోంమంత్రి ఇంకో ప్రకటన చేశారు. ఇక తెలంగాణ వంతు. ఒకే నెలలో, ఒకే సభలో, ఒకరికొకరు పూర్తి వ్యతిరేకమైన కోరికలతో రెండు పక్షాలూ ఒకే స్పీకర్‌కు లేఖలు ఇచ్చాయి. అన్నీ ఆమోదించి ఉంటే సభలో మార్షల్స్ మాత్రమే మిగిలేవారు. అప్పటి స్పీకర్ కిరణ్‌కుమార్‌రెడ్డి. అన్ని లేఖలు చూసిన అనుభవం ఊరికే పోలేదు. ముఖ్యమంత్రి అయ్యాక, లోక్‌సభలో విభజన బిల్లు పాసైన మర్నాడు, 2014 ఫిబ్రవరి 19న ఆయనే రాజీనామా చేశారు. బిల్లు పాసయ్యాక చేస్తే ఏం లాభం అని కొందరు అన్నారు. ముందే చేస్తే బిల్లు ఆగుతుందేమోనన్న టెన్షన్ ఉంటుంది. తర్వాత చేస్తే ఆ బెంగ లేదు.

మధ్యలో 2011 జూలైలో తెలంగాణ ఎమ్మెల్యేలు దాదాపు వంద మంది మళ్లీ మూకుమ్మడిగా రాజీనామా చేశారు. అవి భావోద్వేగాల మధ్య చేసినవని స్పీకర్ నాదెండ్ల మనోహర్ అదే నెలలో తిరస్కరించారు. ఈ తీర్పు లోతు చాలామందికి అర్థం కాలేదు. ఆవేశం లేకుండా, స్థిమితంగా కూర్చుని, ఖర్చు లెక్కలు వేసుకుని రాజీనామా చేసే ఎమ్మెల్యే ఎవరైనా ఉంటారా? స్థిమితంగా ఆలోచిస్తే అసలు చేయడు కదా. కాబట్టి ఆవేశంలో చేసిన రాజీనామా చెల్లదు, ఆలోచించి చేసేది ఉండదు. ప్రజాస్వామ్యం నిలబడేది ఇలాంటి సూక్ష్మాల మీదే.

అయితే ఓపికకు గుర్తుగా ఒక్క పేరు చెప్పమంటే నేను గంటా శ్రీనివాసరావుగారి లేఖ చెబుతాను. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణకు నిరసనగా 2021 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా ఇచ్చారు. 2024 జనవరిలో స్పీకర్ తమ్మినేని సీతారాం ఆమోదించారు. దాదాపు మూడేళ్లు. అదీ ఎప్పుడు? రాజ్యసభ ఎన్నికలు ముంగిట్లో ఉండి, ఒక్కో ఓటూ లెక్కకొచ్చే సమయంలో. లేఖ ఇచ్చినాయన ఇంత హఠాత్తుగా ఎలా ఆమోదిస్తారని హైకోర్టుకు వెళ్లారు. మూడేళ్లంటే హఠాత్తేమిటి అని మీకు అనిపించవచ్చు. రాజీనామా చేసినవాడి మనసు మీకు తెలియదు. ఆమోదం ఎప్పుడొచ్చినా హఠాత్తుగానే వస్తుంది. 1966లో ఇదే ఉక్కు కోసం ప్రతిపక్ష శాసనసభ్యులు రాజీనామాలు చేశారని విశాఖలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్లు నిజంగానే సభ వదిలి బయటికి వచ్చారట. పాతకాలం మనుషులు, ఇన్ని వెసులుబాట్లు తెలియవు.

టైమింగ్‌లో 2018ని మించింది లేదు. ప్రత్యేక హోదా కోసం వైఎస్సార్‌సీపీ లోక్‌సభ సభ్యులు ఐదుగురు ఏప్రిల్ 6న రాజీనామా చేశారు, జూన్‌లో ఆమోదం పడింది. సభ గడువుకు ఏడాది కూడా లేదు కాబట్టి ఉపఎన్నికలు అక్కర్లేదని ఎన్నికల సంఘం తేల్చింది. రాజీనామాకు రాజీనామా, ఖర్చు లేదు, ఓడిపోయే భయం లేదు. ప్రత్యేక హోదా కూడా లేదనుకోండి, అది వేరే సంగతి.

ఉపఎన్నికకు వెళ్లే రాజీనామా మాత్రం సాహసుల పని. వదిలేసిన కుర్చీ మళ్లీ ఇమ్మని అదే ఓటరు గడపకు వెళ్లాలి. కేసీఆర్ 2006లో కరీంనగర్ ఎంపీ పదవి వదిలి మళ్లీ నిలబడితే మెజారిటీ రెండు లక్షలు దాటింది. 2008లో మళ్లీ వదిలి మళ్లీ నిలబడితే పదిహేను వేల చిల్లరకు దిగింది. అదే విడతలో ఆయన టీఆర్‌ఎస్ పార్టీ ఎమ్మెల్యేలు 16 మంది రాజీనామా చేస్తే తిరిగి దక్కినవి ఏడే. రాజీనామా చేసేవాళ్లకు అలసట లేకపోయినా ఓటరుకు ఉంటుందని అప్పుడు తెలిసింది. మళ్లీ 2010లో పన్నెండు చోట్ల ఉపఎన్నికలు జరిగితే పదకొండు వాళ్లవే, మిగిలిన ఒక్కటి బీజేపీది. ఓటరు అలసట కూడా శాశ్వతం కాదన్నమాట.

ఉపఎన్నిక అసలు మహిమ ఆ తర్వాత పదేళ్లు దాటాక బయటపడింది. 2021లో హుజూరాబాద్ ఎమ్మెల్యే ఈటల రాజేందర్ రాజీనామా చేస్తే స్పీకర్ అదే రోజు ఆమోదించారు. మూడేళ్లు పట్టే పని కొన్నిసార్లు మూడు గంటల్లో ఎలా అవుతుందని అడక్కండి, స్పీకర్ కార్యాలయంలో కరెంటు ఏ పూట ఎలా ఉంటుందో మనకేం తెలుసు. ఉపఎన్నిక ఇంకా జరగకముందే, ఆగస్టులో, కుటుంబానికి పది లక్షల రూపాయల దళితబంధు హుజూరాబాద్‌లోనే మొదలైంది. మరుసటి ఏడాది కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి రాజీనామా చేస్తారట అన్న ప్రచారం నడుస్తుండగానే మునుగోడు నియోజకవర్గంలో ఏళ్ల తరబడి అడుగుతున్న గట్టుప్పల్ మండలం వచ్చేసింది. వార్తకే మండలం! ఆగస్టులో నిజంగా రాజీనామా చేసి, నవంబరులో ఆయన ఓడిపోయారు. మండలం మాత్రం ఉంది. దాంతో పక్క నియోజకవర్గాల్లో జనం లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టారు. "మా ఎమ్మెల్యే కూడా రాజీనామా చేస్తే మాకూ రోడ్డు పడుద్ది" అని ఊళ్లలో బాహాటంగా అడిగారు. ఎమ్మెల్యే పదవిలో ఉండి చేయలేని అభివృద్ధి పదవి వదిలితే జరుగుతుందన్న ఈ ఆర్థిక సూత్రాన్ని ఇంతవరకు ఏ విశ్వవిద్యాలయమూ పాఠంగా చెప్పడం లేదు.

పార్టీ మారేవాళ్లను ఈ కళాకారుల్లో కలపకండి. వాళ్లు రాజీనామా జోలికే పోరు. చేస్తే సీటు పోతుంది, పార్టీ వదిలానని ఒప్పుకుంటే ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగం పదో షెడ్యూలు కింద అనర్హత. అందుకని మెడలో పడింది కండువా కాదు, గౌరవంగా కప్పిన శాలువా అంటారు. ఒక పార్టీ ఎమ్మెల్యేగా ఉంటూనే ఇంకో పార్టీ గుర్తు మీద 2024లో సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీ చేసిన మహానుభావుడూ ఉన్నారు. తెలంగాణలో ఇలాంటి పదిమంది సంగతి మూడు నెలల్లో తేల్చమని సుప్రీంకోర్టు 2025 జూలై 31న స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. రాజీనామా చేసినవాళ్లు వెళ్లరు, వెళ్లినవాళ్లు రాజీనామా చేయరు. వ్యవస్థలో ఇంత స్పష్టత ఉండగా అయోమయం అంటారేమిటి?

అప్పుడప్పుడూ నియమం తప్పేవాళ్లు లేకపోలేదు. 2025 జనవరిలో విజయసాయిరెడ్డి రాజ్యసభ సభ్యత్వం వదులుకుని ఇకపై వ్యవసాయమే అన్నారు. ఛైర్మన్ వెంటనే ఆమోదించారు. రైతుల్లో ఎవరైనా వ్యవసాయానికి రాజీనామా చేసి ఇకపై రాజ్యసభే అంటే కూడా ఇంత వేగంగా ఆమోదిస్తారని ఆశిద్దాం. ఆ ఛైర్మన్, అంటే ఉపరాష్ట్రపతి ధన్‌ఖడ్‌గారే ఆరు నెలలు తిరక్కుండా ఆరోగ్య కారణాలతో తప్పుకున్నారు. ఉపరాష్ట్రపతి రాజీనామాకు ఎవరి ఆమోదమూ అక్కర్లేదు, రాష్ట్రపతికి రాసిస్తే చాలు. అంత పెద్ద పదవికి అంత తక్కువ రక్షణ! మన వార్డు మెంబరు కూడా ఒప్పుకోడు.

వీళ్లందరికీ చెడ్డపేరు తెచ్చింది మాత్రం లాల్ బహదూర్ శాస్త్రి. 1956లో మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం జరిగి వందమందికి పైగా చనిపోతే రైల్వే మంత్రిగా రాజీనామా ఇచ్చారు. నెహ్రూ వద్దన్నారు. నిబంధనల ప్రకారం అక్కడితో కథ అయిపోవాలి. "ప్రధాని ఒత్తిడి మేరకు కొనసాగుతున్నా" అని ఒక ప్రకటన ఇస్తే చాలు. ఆయన అలా ఊరుకోలేదు. అదే ఏడాది నవంబరులో తమిళనాట అరియలూరు దగ్గర ఇంకో ప్రమాదం జరిగితే మళ్లీ రాజీనామా ఇచ్చి నిజంగానే వెళ్లిపోయారు. అప్పటినుంచి ఎక్కడ రైలు పట్టాలు తప్పినా, ఎక్కడ తొక్కిసలాట జరిగినా ఆయన పేరు ఎత్తి మంత్రుల ప్రాణం తీస్తున్నారు. ఒక్క మనిషి తొందరపాటుకు ఎన్ని తరాల మంత్రులు మాటపడాలి?

ఇప్పుడు హైటెక్ సిటీ వైపు ఒకసారి చూడండి. అక్కడి పిల్లలు రాజీనామాను పేపర్ వేయడం అంటారు. పేపర్ వేస్తే తొంభై రోజుల నోటీసు పీరియడ్, లాప్‌టాప్ వాపసు, రిలీవింగ్ లెటర్ కోసం తిరుగుళ్లు. అభిమానులు ధర్నా చేశారు కాబట్టి వెనక్కి తీసుకుంటున్నా అంటే సెక్యూరిటీవాళ్లు లోపలికి రానివ్వరు. అంతకన్నా ఘోరం ఇంకోటి ఉంది. కొందరిని హెచ్‌ఆర్ వాళ్లు చిన్న గదిలోకి పిలిచి, నీళ్ల బాటిల్ ముందు పెట్టి, మీరే పేపర్ వేస్తే మీ రికార్డుకు మంచిదమ్మా అంటారు. ఈఎంఐలు, అమ్మానాన్నల మందులు, అమెరికా క్లయింటు అన్నీ బుర్రలో తిరుగుతుండగా ఆ పిల్ల వణుకుతూ సంతకం పెడుతుంది. "నా ఇష్టపూర్వకంగా" అని అందులో ముందే టైపు చేసి ఉంటుంది. ఆ రాజీనామా స్వచ్ఛందమా, నిజమైనదా అని విచారించే నాథుడు లేడు. భావోద్వేగంలో చేసింది కాబట్టి చెల్లదని తోసిపుచ్చేవాడు లేడు.

అందుకని ప్రభుత్వానికి నాదొక విన్నపం. 33వ సవరణను మాదాపూర్, గచ్చిబౌలి దాకా పొడిగించి, కంపెనీకో స్పీకర్‌ను నియమించాలి. హెచ్‌ఆర్ గదిలో రాసిన ప్రతి లేఖా ఆయన దగ్గరికే పోవాలి. ఆయన దాన్ని సొరుగులో పెట్టి, తీరికగా, ఓ మూడేళ్లు పరిశీలించాలి. ఆ మూడేళ్లూ నెల మొదట్లో జీతం పడుతూ ఉండాలి.