అటకకు డిస్పోజల్ నంబరు

ముప్పై నాలుగేళ్లు రెవెన్యూ శాఖలో పనిచేసి పోయిన జూన్ 30న రిటైరయ్యాను. నిజానికి నేను పుట్టింది కార్తీక మాసంలో అని మా అమ్మ చెప్పేది. బడిలో వేసిన రోజు మేష్టారు నా ఎత్తు చూసి, ఆలోచించకుండా జులై 1 అని రాసేశారు. ఒకటో తారీఖున పుట్టినవాడు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలని రూలు. అలా కార్తీకంలో పుట్టినవాణ్ని ఆషాఢంలో ఇంటికి పంపారు. 2022లో ప్రభుత్వం మా విరమణ వయసును 60 నుంచి 62కి పెంచింది కాబట్టి, మేష్టారు మింగేసిన నెలలకు వడ్డీతో సహా ముట్టిందని సరిపెట్టుకున్నాను.

దిగిపోగానే అందరిదీ ఒకటే సలహా. ‘చిన్న చిన్న ఆనందాలు వెతుక్కోండి, ముందు ఇల్లు ఖాళీ చేయండి’ అని. ఇల్లు ఖాళీ చేయమనేది అద్దెకున్నవాళ్లతో అనే మాట అనుకున్నాను. కాదట, సామాను తగ్గించుకోవడమట. దాన్ని డిక్లటరింగ్ అంటారని మా అబ్బాయి డల్లాస్ నుంచి ఫోన్‌లో అరగంట క్లాసు తీసుకున్నాడు. వాడి ఇంట్లో నిజంగానే ఏమీ ఉండదు. ఉన్నదంతా ఊరి చివర ఒక గది అద్దెకు తీసుకుని అందులో పెట్టి, నెలనెలా డాలర్లు కడుతున్నాడు. మన అటక అద్దె అడగదు. ఈ తేడా వాడి చదువులో ఎక్కడా చెప్పినట్టు లేరు.

పైగా సామాను తగ్గించుకోమన్న లోకమే నాకు సామాను అంటగట్టింది. వీడ్కోలు సభలో పదిహేడు శాలువాలు కప్పారు. కాకినాడ, జూన్ నెల, తిరగాలా వద్దా అని ఆలోచించే ఫ్యాను, మెడ చుట్టూ పదిహేడు శాలువాలు. ముఖం మీద కారుతున్నది చూసి ఆనందబాష్పాలన్నారు. ఇవి గాక నాలుగు గోడ గడియారాలు, అన్నవరం సత్యనారాయణస్వామి పటాలు ఐదు. టైముకు ఆఫీసుకు వెళ్లే అవసరం తీరిన రోజునే మనిషికి నాలుగు గడియారాలు ఇవ్వడంలోని ఆంతర్యం నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

శాలువా గురించి ఒక మాట చెప్పాలి. అది కప్పుకునేది కాదు, చెలామణీ అయ్యేది. నేను ఏనాడో ఒక ఆఫీసరుగారికి కప్పిన శాలువా, అంచున సిరా మరకతో సహా, ఆ రోజు తిరిగి నా మెడకే వచ్చింది. 2016లో పెద్దనోట్లను ఒక్క రాత్రిలో రద్దు చేశారు గానీ, శాలువాను ముట్టుకునే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేదు.

మేరీ కొండో అని ఒక జపాన్ ఆవిడ ఉంది. పేరులో కొండ పెట్టుకుని, ఇంట్లో కొండలా పేరుకున్నది తీసేయమంటుంది. వస్తువును చేతిలోకి తీసుకోవాలట. మనసు ఉప్పొంగితే ఉంచాలి, లేకపోతే దానికి థాంక్స్ చెప్పి పంపేయాలి. ముందు కరెంటు బిల్లు తీసుకున్నాను. ఏమీ పొంగలేదు. ఇంటిపన్ను రసీదుదీ అదే పరిస్థితి. రెండింటికీ థాంక్స్ చెప్పబోతుంటే మా ఆవిడ లాక్కుంది. అప్పుడు అటక మీంచి మా నాన్న వాడిన అడకత్తెర తీశాను. వక్క నమలగల పళ్లు మా ఇంట్లో ఎవరికీ లేవు. అయినా మనసు ఉప్పొంగి కంటిదాకా వచ్చింది. ఈ సిద్ధాంతం ప్రకారం పోతే ఇంట్లో కరెంటు ఉండదు, అడకత్తెర ఉంటుంది. మూడో బిడ్డ పుట్టాక తానూ సర్దడం కాస్త వదిలేశానని 2023లో ఆ కొండో ఆవిడే ఒప్పుకుంది. మాకు ఒక్క బిడ్డతోనే ఆ జ్ఞానం కలిగింది.

కనుక జపాన్ పద్ధతి పక్కన పెట్టి మా శాఖ పద్ధతిలోకి దిగాను. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ఏర్పాటు అది. పని ముగిసిన ప్రతి ఫైలుకూ ఒక డిస్పోజల్, అంటే దాన్ని ఎన్నాళ్లు దాచాలో చెప్పే గుర్తు, ఉంటుంది. ఎల్.డిస్ అంటే ఏడాది ఉంచి తీసేయొచ్చు. కె.డిస్‌కు మూడేళ్లు, డి.డిస్‌కు పదేళ్లు. ఆర్.డిస్ అంటే శాశ్వతం, మనం పోయినా అది ఉంటుంది. సుద్దముక్క పట్టుకుని అటకెక్కాను.

మొదట పెళ్లిపత్రికల కట్ట దొరికింది. ప్రతిదాని మీదా వినాయకుడు, నాలుగు మూలలా పసుపు. చింపితే పాపం, ఆర్.డిస్. అబ్బాయి ఎంసెట్ మెటీరియల్ మూడు అట్టపెట్టెలు. ఫోన్ చేస్తే, ఇందాక క్లాసు తీసుకున్న మనిషే గొంతు మార్చి, ‘అవి మాత్రం ఉంచండి నాన్నా’ అన్నాడు. ఆర్.డిస్. నా పెన్షన్ కమ్యుటేషన్ కాగితాలకు డి.డిస్ వేద్దామనుకున్నాను. కానీ పెన్షన్‌లో 40 శాతం ఒకేసారి సొమ్ముగా అమ్ముకున్నవాడికి ఆ కోత ఆగి అది తిరిగి కలిసేది 15 ఏళ్ల తర్వాత. పదేళ్లకే కాగితం తీసేస్తే మిగతా ఐదేళ్లూ ఏ ఆధారంతో బతకాలి? ఆర్.డిస్.

అన్నవరం పటాల దగ్గర అసలు చిక్కొచ్చింది. దేవుణ్ణి తూకానికి వేయలేం. రావిచెట్టు కింద పెట్టొద్దామని తెల్లవారుజామున సంచీలో వేసుకుని బయల్దేరాను. అక్కడ అప్పటికే పది పన్నెండు పటాలున్నాయి. ఒకదాని అద్దం పగిలి, ఆ పగుల్లోంచి స్వామి నన్నే చూస్తున్నాడు. ఎంతమందిని చూశాడో, ఎంతమంది ఇలాగే సంచీతో వచ్చారో. ఐదు పటాలూ తిరిగి తెచ్చేశాను, ఆ ఆరోదాంతో సహా.

వంటింటి అటక నా పరిధిలోకి రాదని అప్పుడే తెలిసింది. ఐస్‌క్రీం డబ్బాలు, కాకినాడ కాజా అట్టపెట్టెలు, ఎవరెవరి పేర్లో చెక్కిన పెళ్లిళ్ల స్టీలు గిన్నెలు.

“ఏమండీ, ఆ డబ్బాల జోలికి రాకండి.”

“ఖాళీవే కదే.”

“ఖాళీవి కాబట్టే ఉంచాను. అబ్బాయి వస్తే ఆవకాయ దేంట్లో కట్టివ్వాలి?”

అబ్బాయి వచ్చి మూడేళ్లయింది. డబ్బాలు నలభై. ఈ లెక్క నోట్ ఫైల్లో పెట్టే సాహసం నేను చేయలేదు.

నాలుగు రోజుల తర్వాత చూస్తే, ఒక గది సామాను రెండు గదుల్లోకి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో మన 13 జిల్లాలు 26 అయినప్పుడు సిబ్బందినీ ఫైళ్లనూ పంచిన అనుభవం ఉన్నవాణ్ని. అక్కడ కనీసం సరిహద్దు ఉండేది.

చిన్న ఆనందాల సంగతంటారా, అవి బాగానే ఉన్నాయి. 2023 నుంచి మాకు ఫోన్‌కు ముఖం చూపించి హాజరు వేసుకునే ఏర్పాటు పెట్టారు. పదిన్నరకు ఆ ఫోను నా ముఖాన్ని గుర్తుపట్టక తల అటు తిప్పు ఇటు తిప్పు అనేది. ఇప్పుడు అదే పదిన్నరకు రెండో కాఫీ. గ్లాసు ఎటూ తిప్పమనదు.

భోగి వచ్చింది. పాతవి వదిలించుకోవడానికి మనకు ఏటా ఒక పండగే ఉంటే జపాన్ దాకా ఎందుకని, కాలు విరిగిన ముక్కాలిపీట పట్టుకుని తెల్లవారకముందే మంట దగ్గరికి వెళ్లాను. ఎదురింటి పెద్దాయన దాన్ని వేలితో తట్టి, “టేకండీ ఇది. కాల్చేస్తారేంటండీ?” అన్నారు. చుట్టూ ఉన్న పదిమందీ నావైపు హంతకుణ్ణి చూసినట్టు చూశారు. కాసేపు చలి కాచుకుని, పీటను చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఇన్నాళ్ల శ్రమలో నాకు దక్కిన విజయం ఒక్కటే. ఇరవై మూడు తాళంచెవుల గుత్తి. దేనికి ఏది తాళమో ఎవరికీ తెలీదు. నిస్సంకోచంగా ఎల్.డిస్ వేసి, ఏడాది కూడా ఆగకుండా పాత సామాన్ల బండికి వేసేశాను. బండబ్బాయి వేళ్లతో ఒక్కొక్కటీ తిప్పి చూసి, “ఇత్తడివి రెండేనండి, మిగతావన్నీ ఇనుమండి” అని నలభై రూపాయలు చేతిలో పెట్టాడు. ఆ డబ్బుతో బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తిన్నాను. పుస్తకాల్లో రాసే తేలికదనం అంటే ఇదే కాబోలు అనిపించింది.

కనుమ నాడు మా ఆవిడ, “మా అన్నయ్య వస్తున్నాడు. ట్రంకుపెట్టెలోంచి మంచి శాలువా ఒకటి తీయండి, కప్పుదాం” అంది. పెట్టెకు తాళం వేసి ఉంది. ఎలుకల భయంతో తనే వేసిందట. చెవి గుత్తిలో ఉందట, ఇత్తడిది. వీధి చివరిదాకా పరుగెత్తాను. “నిన్నే లోడు రాజమండ్రి వెళ్లిపోయిందండి” అన్నాడు బండబ్బాయి.

పెట్టెను వరండాలోకి ఈడ్చి, మూత మీద సుద్దతో ఆర్.డిస్ అని రాశాను. దాని మీద కాఫీ గ్లాసు పెట్టుకుని కూర్చుంటే ఎత్తు సరిగ్గా సరిపోయింది. ఇంతలో బావగారు వచ్చారు, చేతిలో కవరుతో. రిటైరయ్యాక నన్ను చూడ్డం ఇదే మొదటిసారి కదా అంటూ, కవరు విప్పి నా భుజాల మీద కప్పారు.

పద్దెనిమిదోది. పెట్టెలో పెడదామంటే తాళంచెవి లేదు.