బేషరతు క్షమాపణ సిద్ధంగా ఉంది

కోర్టు ఉత్తర్వు అందిన మర్నాడే అమలు చేసే అధికారిని చూస్తే జనానికి అనుమానం వస్తుంది. ఇంత తొందరేమిటి, ఎంత ముట్టిందో అంటారు. ఆ అపవాదు పడలేకే మన ఆఫీసుల్లో ఓ పద్ధతి ఏర్పడింది. కాపీ వస్తుంది, ఇన్‌వర్డ్ నంబరు పడుతుంది, ఫైలు న్యాయశాఖ అభిప్రాయానికి వెళ్తుంది, అక్కడి నుంచి ఆర్థికశాఖకు వెళ్లి చతికిలబడుతుంది. బకాయిల కోసం వచ్చిన రిటైర్డ్ గుమాస్తాకు సెక్షన్‌లో సారు కళ్లజోడు సర్దుకుని ఓపిగ్గా చెబుతారు: "ఆర్డరు వచ్చింది సరేనండీ, కంటెంప్ట్ వేశారా, అదే కోర్టు ధిక్కార కేసు? వేయండి, ఫైలు దానంతటదే కదుల్తుంది." దీన్ని ధిక్కారం అనడానికి నోరెలా వస్తుంది? పాపం, దారి చూపించారాయన.

చట్టమూ ఆయన వైపే ఉంది. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం ప్రకారం, ఉద్దేశపూర్వకంగా ఆదేశాన్ని మీరితేనే సివిల్ ధిక్కారం. మన ఫైళ్లకు ఉద్దేశాలెక్కడివండీ? ఒకవేళ దొరికిపోయినా ఆరు నెలల వరకు సాధారణ జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, కాదంటే రెండూ. ఆనాటి నుంచి జీతాలు పెరిగాయి, కరువు భత్యం పెరిగింది, లాయర్ల ఫీజుల సంగతి చెప్పక్కర్లేదు. ఆ రెండు వేలు మాత్రం చెక్కుచెదరలేదు. కోర్టు వద్దన్నా పిల్లల పేరిట 4 కోట్ల డాలర్లు మళ్లించిన విజయ్ మాల్యాకు 2022లో సుప్రీంకోర్టు నాలుగు నెలల జైలు వేసింది. దాంతోపాటు జరిమానా అక్షరాలా రెండు వేల రూపాయలు. బ్రిటన్‌లో కూర్చున్న మనిషికి ఆ దెబ్బ ఎంత గట్టిగా తగిలిందో ఊహించుకోవచ్చు.

ఇక క్షమాపణ. కోర్టుకు తృప్తి కలిగేలా చెబితే శిక్షే ఎత్తేయొచ్చు. చిత్తశుద్ధి ఉంటే చాలు, షరతులు పెట్టారన్న ఒక్క కారణంతో తోసిపుచ్చకూడదని కూడా చట్టంలో రాసి ఉంది. అందుకే తెలివైన ఆఫీసులో బేషరతు క్షమాపణ అఫిడవిట్ ముందే టైపు చేసి, తేదీ ఖాళీగా ఉంచుతారు. పైగా ధిక్కారం జరిగిన ఏడాది దాటాక కోర్టు చర్య మొదలుపెట్టకూడదట. న్యాయశాఖ అభిప్రాయం రావడానికి ఏడాది ఎందుకు పడుతుందో ఇప్పుడు అర్థమైంది కదా!

అలాగని కోర్టులు ఊరుకుంటాయనుకోకండి. కోర్టు బదిలీ చేయొద్దన్న అధికారిని బదిలీ చేసినందుకు 2019లో సీబీఐ తాత్కాలిక డైరెక్టర్‌గా పనిచేసిన ఆయనకు సుప్రీంకోర్టు చట్టంలోని రెండు వేల దగ్గర ఆగకుండా లక్ష రూపాయలు జరిమానా వేసి, కోర్టు లేచేదాకా ఓ మూలన కూర్చోమంది. 2022లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, బడి ఆవరణల్లో కట్టిన గ్రామ సచివాలయాల కేసులో ఎనిమిది మంది ఐఏఎస్‌లకు రెండు వారాల జైలు వేసింది. వాళ్లు క్షమాపణ చెప్పుకున్నాక దాన్ని సేవగా మార్చింది: ఏడాదిపాటు నెలకో రోజు సంక్షేమ హాస్టల్‌కు వెళ్లాలి, పిల్లల భోజనం ఖర్చు భరించాలి. అధికారులు హాస్టళ్లకు వెళ్లి చూసి రావడం వాళ్ల డ్యూటీయే అని అప్పటిదాకా మనం భ్రమపడ్డాం. అది శిక్ష అని ఆ రోజే తెలిసింది. కనుక జిల్లాకు నెలకో ధిక్కార కేసైనా తప్పకుండా పడేలా చూడాలని హాస్టల్ పిల్లల తరఫున మనవి.