ఫిర్యాదే తీర్పా?

ఆవకాయ కాలంలో వారం రోజులు అంగడి మూతపడితే పచ్చళ్ల వ్యాపారికి ఏడాది కష్టం గంగలో కలిసినట్లే. గోదావరి జిల్లాల్లో ఇంట్లో పెట్టిన పచ్చళ్లను ఆన్‌లైన్‌లో అమ్ముకుంటున్న ఒక కుటుంబానికి ఈ వేసవిలో అదే జరిగింది. తమ వెబ్‌సైట్ డిజైన్‌ను కాపీ కొట్టారంటూ పోటీ వ్యాపారి ఒక మెయిల్ పంపగానే, ఆ కుటుంబం సైటును తన సర్వర్లలో ఉంచి నడిపే హోస్టింగ్ సంస్థ ముందూ వెనకా చూడకుండా ఖాతా మొత్తాన్ని సస్పెండ్ చేసింది. సంజాయిషీ కోరామని ఆ సంస్థ చెబుతోంది. కోరిన మాట నిజమే గానీ, ఆ లేఖ చేరవలసిన మెయిల్ కూడా అదే ఖాతాలో ఉంది; సైటుతో పాటే దానికీ తాళం పడింది. గడువులోగా జవాబు రాలేదన్న కారణంతో సస్పెన్షన్‌ను పొడిగించడం అన్యాయం.

తీరా చూస్తే కాపీ ఎక్కడా లేదు. ఇద్దరూ ఒకే రెడీమేడ్ థీమ్‌ను, అంటే సైటు రూపానికి ముందే తయారుచేసి అమ్మే నమూనాను, కొనుక్కున్నారు. సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌లో థీమ్ ఏదైనా దాని స్టైల్ ఫైలు తెరిస్తే మొదటి వరుసల్లోనే థీమ్ పేరు, తయారు చేసినవారి పేరు, లైసెన్సు వివరం ఉంటాయి. రెండు సైట్ల ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి చూడటానికి సంస్థలోని ఏ సాంకేతిక ఉద్యోగికైనా ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలను ఎవరూ వెచ్చించలేదు.

రాత్రింబవళ్లు కష్టపడి రూపొందించిన డిజైన్‌ను మరొకరు అలాగే దించుకుంటే కడుపు మండటం సహజం, అటువంటి డిజైనర్లకు వేగంగా న్యాయం అందవలసిందే. కానీ ఆ న్యాయం పేరిట ఫిర్యాదునే తీర్పుగా చలామణి చేసే పద్ధతి స్థిరపడితే, దాని దెబ్బ పచ్చళ్ల దుకాణంతో ఆగదు.

అసలు కాపీ అంటే ఏమిటో చట్టం అస్పష్టంగా ఏమీ వదిలిపెట్టలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సైటులోని రాతకు, ఫొటోలకు, బొమ్మలకు, దాని వెనుక ఉన్న ప్రోగ్రామ్ కోడ్‌కు రక్షణ ఉంది. భావానికి కాపీరైట్ ఉండదని, దాన్ని వ్యక్తపరచిన తీరుకే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. పైన లోగో, పక్కన మెనూ, కింద మూడు వరుసల్లో సరుకుల బొమ్మలు అన్న అమరిక ఏ ఒక్కరి సొత్తూ కాదు. అమెరికా కాపీరైట్ కార్యాలయం సైతం వట్టి లేఅవుట్‌ను నమోదు చేయదు. ఎత్తుకెళ్లిన కోడ్‌కూ, పోలిన రూపానికీ మధ్య ఉన్న ఈ తేడాను పట్టించుకోని సంస్థ ఇతరుల జీవనాధారంపై నిర్ణయం తీసుకోవడానికి అర్హత లేనిది.

విధానం తెలియకనా అంటే, అదీ కాదు. 2013 నాటి కాపీరైట్ నిబంధనల్లోని 75వ నిబంధన ప్రకారం ఫిర్యాదుదారు తనది ఏ రచన, దానిపై తనకున్న హక్కు ఏమిటి, ఉల్లంఘన ఎక్కడ జరిగింది అన్నవి రాతపూర్వకంగా చూపి, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెస్తానని హామీ ఇవ్వాలి. వివరాలు సరిగా ఉంటే సంస్థ 36 గంటల్లో చర్య తీసుకోవాలి. ఉత్తర్వు రాకపోతే తిరిగి తెరవవచ్చు. ఈ నిబంధన హోస్టింగ్‌కు ఎంతవరకు వర్తిస్తుందన్న వాదన వేరు, అందులోని క్రమం మాత్రం సవ్యమైనది. అమెరికాలో 1998 నుంచి అమలులో ఉన్న చట్టం ఖాతాదారుకు ఎదురు నోటీసు ఇచ్చే హక్కునిచ్చింది. ఫిర్యాదుదారు దావా వేయకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో తొలగించినదాన్ని పునరుద్ధరించాలని చెప్పింది. లక్షల ఫిర్యాదుల్లో ఏది న్యాయమైనదో ఇతరుల సమాచారాన్ని అందించే మధ్యవర్తి సంస్థ తేల్చలేదన్న కారణంతోనే మన సుప్రీంకోర్టు 2015లో శ్రేయా సింఘాల్ కేసులో తొలగింపుకు కోర్టు ఉత్తర్వును ప్రమాణంగా నిర్ణయించింది. కాపీరైట్ విషయంలో నిర్దిష్టమైన నోటీసు చాలునని 2016లో ఢిల్లీ హైకోర్టు మైస్పేస్ అనే సోషల్ మీడియా సైటు కేసులో అన్న మాట వాస్తవమే. అయితే నిర్దిష్టమైన నోటీసు అన్నది ఆ కోర్టు. ‘మా సైటులాగే ఉంది’ అన్న రెండు ముక్కల మెయిల్ చాలునని కాదు.

మా ఆందోళన అంతా ఈ ఆనవాయితీ గురించే. ఫిర్యాదు అందితే చాలు మూసేస్తారన్న సంగతి ఒకసారి బయటికి పొక్కితే, దాన్ని వాడుకునేవారు డిజైనర్లు మాత్రమే కారు. ఓటింగ్ యంత్రాల లోపాలను బయటపెట్టిన అంతర్గత మెయిళ్లను తొలగించాలంటూ అమెరికాలో ఆ యంత్రాల తయారీ సంస్థ డీబోల్డ్ 2003లో ప్రయోగించింది కాపీరైట్ నోటీసులనే. ఆన్‌లైన్ పాలసీ గ్రూప్ అనే చిన్న ఇంటర్నెట్ సంస్థ లొంగకుండా కోర్టుకెక్కింది. తెలిసి తప్పుడు ఆరోపణ చేసినందుకు డీబోల్డ్ 1,25,000 డాలర్లు కట్టవలసి వచ్చింది. దొంగ కాపీరైట్ ఫిర్యాదులతో లక్షా పదిహేడు వేలకు పైగా వెబ్ చిరునామాలను దెబ్బతీశారంటూ 2023లో గూగుల్ స్వయంగా దావా వేసింది. తమపై వచ్చిన వార్తను పాత తేదీతో మరోచోట అతికించి, అసలు వార్తే కాపీ అని ఫిర్యాదు చేసే ముఠాలున్నాయి. ఈ రోజు డిజైన్ పేరుతో దుకాణం మూసినవారు రేపు వార్త పేరుతో జిల్లా విలేకరి సైటును మూయరన్న హామీ ఎక్కడుంది?

మోసపు సైట్ల సంగతి వేరు, రెంటినీ కలపకూడదు. తిరుమల శ్రీవారి దర్శనం, సేవల పేరుతో భక్తులను దోచుకుంటున్న నకిలీ సైట్లనే తీసుకోండి. అసలు చిరునామాలో చుక్కలున్న చోట గీతలు పెట్టి టీటీడీ సైటును అచ్చుగుద్దినట్లు దించిన ఒక సైటుపై 2023లో కేసు నమోదైంది. అది అటువంటి 41వ సైటు. అక్కడ నిమిషం ఆలస్యమైనా మరో భక్తుడి డబ్బు పోతుంది కాబట్టి తక్షణం మూసివేయడమే ధర్మం. ఇద్దరు వ్యాపారుల మధ్య డిజైన్ తగాదాకు అదే గొడ్డలిని ఎత్తడం మాత్రం అన్యాయం.

హోస్టింగ్ సంస్థలు చేయవలసింది కొండంత పనేమీ కాదు. ఏ పేజీలో ఏ భాగం కాపీయో చూపించని ఫిర్యాదును తిప్పి పంపాలి. నిర్దిష్టంగా ఉన్న ఫిర్యాదు ప్రతిని ఖాతాదారుకు పంపి, ఖాతాతో సంబంధం లేని మెయిల్‌కు, ఫోన్‌కు కూడా సమాచారమిచ్చి, జవాబుకు గడువివ్వాలి. ఎవరిది ముందో తేల్చడానికి పాత పేజీలను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ అందరికీ అందుబాటులోనే ఉంది. అనుమానం బలపడినా ఆ పేజీనో, ఆ ఫైలునో ఆపాలి తప్ప మెయిళ్లను, ఆర్డర్లను, కొనుగోలుదారుల వివరాలను బందీ చేయకూడదు. అకారణ బెదిరింపులకు గురైనవారు కోర్టులో పరిహారం కోరవచ్చని కాపీరైట్ చట్టం 60వ సెక్షన్ చెబుతున్నదని ఫిర్యాదుదారులకు ముందే తెలియజేయాలి. ఈ కనీస క్రమాన్ని తప్పనిసరి చేయవలసిన బాధ్యత కేంద్ర ఐటీ మంత్రిత్వ శాఖది.

రెన్యువల్ సొమ్ము కోసం నెల ముందు నుంచే మెయిళ్లు, మెసేజ్‌లు, ఫోన్‌లతో ఖాతాదారును వెంటాడే సంస్థలు, అదే ఖాతాదారు అంగడికి తాళం వేసే ముందు ఒక్కసారి ఫోన్ చేయలేదు. నంబరు తెలియక కాదు. ఫిర్యాదుదారు వకీలు నుంచి తమకు చిక్కులొస్తాయన్న భయం ఒకవైపు, చిన్న వ్యాపారి ఏమీ చేయలేడన్న ధీమా మరోవైపు వాటిని నడిపించాయి. ఆ కుటుంబం సైటును, మెయిల్‌ను ఈ రోజే తెరిపించి, మూసి ఉంచిన రోజులకు పరిహారం చెల్లించి, పొరపాటును ఆ సంస్థ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.